మా వారిని కొండ దించి, మళ్ళీ కొండెక్కించిన వాళ్ళందరికీ

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. కానీ నలుగురికీ తెలిసేలా ఓ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నవంబర్‌లో, వాన కురుస్తున్న రాత్రి, మా వారు పెరటి మెట్ల మీద పాచికి జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆయన్ని కొడైకెనాల్ కొండ మీంచి మదురై దాకా చేర్చినవాళ్ళూ, ఆపరేషన్ థియేటర్ బయట నా పక్కన కూర్చున్నవాళ్ళూ, మేం లేనన్నాళ్ళూ మా ఇంటిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళూ, వీళ్ళలో ఒక్కరు కూడా మాకు చుట్టాలు కారు. సగం మందితో సరిగ్గా మాట కూడా కలవదు, నాకొచ్చిన తమిళం కూరగాయల బేరానికి సరిపోతుంది, అంతే.

తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తా. మాది విజయవాడ. మా వారు ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. మే నెల వచ్చిందంటే ఇంట్లోంచి కదలకుండా కూలర్ ముందు కూర్చుని "ఇంక నా వల్ల కాదే, మిగిలిన నాలుగు రోజులూ ఎక్కడైనా చల్లటి చోట ఉందాం" అనేవారు. కొడైకెనాల్ అనగానే ఆయనకి గుర్తొచ్చేది అక్కడి సోలార్ అబ్జర్వేటరీ. 1899లో పెట్టింది, 1909లో ఎవర్‌షెడ్ అనే శాస్త్రవేత్త సూర్యుడి మచ్చల్లో వాయువులు ఎలా కదులుతాయో కనిపెట్టింది అక్కడే, మన హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1960లో డైరెక్టర్‌గా వచ్చిందీ అక్కడికే, ఈ ముక్కలన్నీ పెళ్ళైన దగ్గర్నుంచి వింటున్నాను. నాకు మాత్రం చెరువు. దాని చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల రోడ్డు, పొద్దున్నే మంచులో నడుస్తుంటే అవతలి ఒడ్డు కనపడదు, పడవల దగ్గర ఎవరో దగ్గితే మాత్రం వినిపిస్తుంది. అది దానంతట అది పుట్టిన సరస్సు కాదు, 1863లో మదురై కలెక్టర్‌గా ఉన్న లెవింజ్ దొర కట్ట వేయించి నీళ్ళు నిలబెట్టిన చెరువు. ఆయన కూడా రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడ్డారట. మా వారు ఆయన్ని "మా సీనియర్" అంటారు.

సరే, కృతజ్ఞతల్లోకి వస్తా. మొదటి దండం మా వీధి చివర ఉండే అయ్యగారికి. ఆయన గ్రామ అధికారిగా చేసి రిటైరైన మనిషి. మేం మొదట ఇల్లు కొందామనే వచ్చాం, చెరువు కనపడే చోటు ఒకటి బ్రోకర్ చూపించాడు కూడా, మా వారు అప్పటికే మనసులో అక్కడ టెలిస్కోప్ పెట్టేసుకున్నారు. టీ కొట్టు దగ్గర పరిచయమైన ఈ అయ్యగారు కాగితాలు తెమ్మన్నారు, పట్టా, విల్లంగం సర్టిఫికెట్ (మన ఈసీ అన్నమాట) కళ్ళద్దాలు పెట్టుకుని ఓ గంట చదివారు, చదివి మడిచి చేతికిచ్చి "వేండాం" (వద్దు) అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. తర్వాత మెల్లగా విడమరిచి చెప్పారు, కొండ ప్రాంతం కాబట్టి కట్టడానికి వేరే అనుమతులు ఉండాలనీ, అవి లేని భవనాలకి ఇక్కడ సీళ్ళు వేసిన రోజులు ఉన్నాయనీ, ఈ స్థలానికి ఆ అనుమతి కాగితమే లేదనీ. "ముందు అద్దెకి ఉండండి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు చూడండి, జనవరి చలి చూడండి, అప్పటికీ ఇష్టమైతే కొనుక్కోండి" అన్నారు. ఏప్రిల్‌లో వచ్చి చూసి కొనేవాళ్ళకి కొడై అంటే ఏప్రిలే. ఆయన వల్ల మా పీఎఫ్ డబ్బు బ్యాంకులోనే ఉంది, దానిలోంచే ఆపరేషన్ అయింది. ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాం, ఏ బాధా లేదు.

రెండో దండం మా కింది ఇంటి అక్కకి. ఏడు వేల అడుగుల ఎత్తున వంట చెయ్యడం వేరే విద్య అని నాకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మా వారు థర్మామీటర్ ముంచి మరీ చూపించి సంబరపడ్డారు. ఆయనకి సంబరం, నాకు గిన్నెలో ఉడకని కందిపప్పు. ఇడ్లీ పిండి సంగతి సరేసరి, రాత్రి రుబ్బి పెడితే పొద్దున ఎలా పెట్టింది అలాగే ఉండేది. అక్క ఓ రోజు చూసి నవ్వి, ఆ గిన్నె తన ఇంటికి పట్టుకుపోయింది. వాళ్ళింట్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి ఉంది. రాత్రి నిప్పు ఆర్పాక ఆ పొయ్యి గట్టు మీద గిన్నె పెట్టి, పైన పాత రగ్గు కప్పి, రగ్గు అంచులు నాలుగు వైపులా లోపలికి దోపి పెట్టింది. తెల్లారేసరికి పిండి మూత తోసుకుని వచ్చేసింది. అప్పట్నుంచీ వారానికి రెండుసార్లు మా పిండి గిన్నె వాళ్ళ పొయ్యి దగ్గరే పడుకుంటుంది. వానాకాలంలో పట్టుచీరలు బీరువాలో పెట్టకు, బూజు పడతాయి అని చెప్పింది కూడా అక్కే. గేటు రాత్రి గొళ్ళెం వెయ్యమనీ, లేకపోతే అడవిదున్నలు వచ్చి క్యాబేజీ మొక్కలు తినేస్తాయనీ చెప్పింది. నేను నమ్మలేదు. ఊరి మధ్యకి అడవిదున్నలేమిటి అనుకున్నా. తర్వాత చూశాను, చెరువు రోడ్డు మీద కార్ల మధ్యలోంచి తాపీగా నడుచుకుంటూ పోతున్నాయి, లారీ ఇంజనంత మనిషి... మనిషి కాదు, జంతువు!

ఇక ఆ రాత్రి. మా ఇల్లు వాలు మీద ఉంటుంది, రోడ్డు నుంచి మెట్లు దిగి రావాలి, బండి గుమ్మం దాకా రాదు. ఆయన పడ్డ చప్పుడు విని నేను అరిచిన అరుపుకి ముందు వచ్చింది అక్క, ఆ వెనకే పై ఇంట్లో ఉండే నర్సమ్మాయి. మగవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోద్దామంటే ఆ అమ్మాయి గట్టిగా కసిరింది. కాలు బయటికి తిరిగి ఉంది, పొట్టిగా కనపడుతోంది, తుంటి విరిగి ఉంటుంది, కదపొద్దు అంది. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి, తన చున్నీతో, నా చీరతో మోకాళ్ళ దగ్గరా మడమల దగ్గరా కట్టింది. మా స్టోర్ గదిలో తీసి పెట్టిన పాత తలుపు రెక్క ఉంటే దాని మీద దుప్పటి పరిచి, నలుగురు పట్టుకుని, ఐదో ఆయన టార్చి వేస్తుంటే, ఆ పాచి మెట్ల మీదే, ఒక్కో మెట్టుకీ ఆగి ఆగి పైకి ఎక్కించారు. మా వారు ఆ నొప్పిలోనూ "జాగ్రత్త, మీరు జారేరు" అంటూనే ఉన్నారు.

108 వచ్చింది. (ఆ సర్వీసు 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది, తమిళనాడుకి 2008లో వచ్చింది. ఆ బండి దీపం చూడగానే మనవాళ్ళెవరో వచ్చినట్టే అనిపించింది నాకు.) ఎక్కించాం, సందు తిరిగాం, ఎదురుగా రోడ్డుకి అడ్డంగా అడవిదున్న. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. డ్రైవర్ హారన్ కొట్టలేదు, లైట్లు తగ్గించి ఇంజన్ నడుస్తూనే ఉంచి ఊరుకున్నాడు. అది మా వైపు చూసి, ఒళ్ళు దులుపుకుని, తీరుబడిగా గోడ పక్కన గడ్డి నాలుగు పరకలు కొరికి, అప్పుడు దిగువకి దిగింది. ఆ కాసేపూ నేను మొక్కని దేవుడు లేడు.

కొడైలో చూసి, ఎక్స్‌రే తీసి, మదురై తీసుకెళ్ళమన్నారు. మదురై అంటే దాదాపు 120 కిలోమీటర్లు, అందులో బత్తలగుండు దాకా చాలా భాగం ఘాట్ రోడ్డే. ఇక్కడ మా టాక్సీ తమ్ముడి గురించి చెప్పాలి. వాళ్ళది బోడినాయకనూరు వైపు. తరాల కిందట అటు వెళ్ళి స్థిరపడ్డ కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువు మాత్రం తమిళం. నన్ను "అమ్మా" అంటాడు. అంబులెన్సు వెనకాలే తన జీపు వేసుకుని బయల్దేరాడు, ఎవరూ రమ్మనలేదు. "ఈ వానకి చెట్టు పడుంటుందమ్మా, అందుకే వస్తా" అన్నాడు. అన్నట్టే సగం దారిలో చెట్టు అడ్డంగా పడి ఉంది. 2018లో గజ తుఫాను వచ్చినప్పుడు ఈ రోడ్డు మూసుకుపోయిన తీరు వాళ్ళెవరూ మర్చిపోలేదు, అందుకే వానాకాలమంతా అతని జీపులో రంపం, కొడవలి, తాడు ఉంటాయి. తనూ, అవతల ఆగిపోయిన పాల వ్యాను కుర్రాళ్ళూ, ఇంకా ఎవరెవరో తడుస్తూనే కొమ్మలు కోసి, మొద్దుకి తాడు కట్టి జీపుతో లాగి, ఒక బండి పట్టేంత దారి చేశారు. ఆ పాల వ్యాను పిల్లల మొహాలు కూడా నేను చూడలేదు. ఈ పోస్టు ఎలాగైనా వాళ్ళ దాకా వెళ్తే బాగుణ్ణు.

మదురైలో తెల్లారేసరికి చేర్చుకున్నారు. మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేదాకా సంతకాలు పెట్టిందీ, రక్తం కావాలంటే తన బావమరిదినీ అతని స్నేహితుణ్ణీ పిలిపించిందీ టాక్సీ తమ్ముడే. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. డాక్టరుగారు తమిళంలో చెప్తుంటే తమ్ముడు నాకు తెలుగులో చెప్పేవాడు, ఆ తెలుగు మా అమ్మమ్మ మాట్లాడినట్టు ఉండేది. జీపు డీజిలు డబ్బులిస్తే తీసుకున్నాడు, కిరాయి మాత్రం ముట్టుకోలేదు. గట్టిగా అడిగితే, వాళ్ళమ్మాయి పెళ్ళికి రమ్మన్నాడు. వస్తాం తమ్ముడూ. నువ్వు ఇది చదవలేవని తెలుసు, ఆదివారం ఇంటికి రా, నేనే చదివి వినిపిస్తా, సిగ్గుపడి మధ్యలో లేచిపోకు.

మేం మదురైలోనూ, తర్వాత అబ్బాయి దగ్గరా ఉన్నన్నాళ్ళూ అక్క మా ఇల్లు తెరిచి, గాలాడనిచ్చి, మళ్ళీ మూసేది. సంక్రాంతి వెళ్ళాక మేం తిరిగొచ్చేసరికి ఆ మెట్ల పాచి అంతా గీకేసి, పక్కన ఇనుప రెయిలింగ్ పెట్టి ఉంది. పెట్టింది మా ఇంటి ఓనరు, పెట్టించింది అయ్యగారు. బాత్రూములో పట్టుకోవడానికి పిడి, ఎత్తుగా ఉండే కుర్చీ, మంచం కింద నాలుగు చెక్క దిమ్మలు, ఇవన్నీ వడ్రంగి అన్న కొలతలు తీసుకోకుండానే, మా వారి ఎత్తు గుర్తుపెట్టుకుని చేసేశాడు. పూంబారై నుంచి కూరగాయలు తెచ్చే ఆవిడ వెల్లుల్లి కట్ట గుమ్మానికి తగిలించి పోయింది. 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) వచ్చిన కొడై కొండ వెల్లుల్లి అదే, పాయ చిన్నది, ఘాటు మాత్రం మామూలుగా ఉండదు. ఈసారి ఆవకాయలో అదే పడుతుంది. నర్సమ్మాయి పొద్దున డ్యూటీకి వెళ్తూ ఓ పావుగంట ఆగి ఆయన చేత కాలు ఎత్తించి దించి చేయిస్తుంది. ఆయన మొరాయిస్తే ఆ అమ్మాయి ఒకటే మాట అంటుంది, "సార్, కురింజి పూలు 2018లో పూశాయి, మళ్ళీ 2030లోనే, అప్పటికి కొండెక్కాలా వద్దా?" ఆ మాటకి మాత్రం ఆయన కాలు లేస్తుంది.

ఇప్పుడు వాకర్ పక్కన పెట్టేశారు. చేతికర్రతో చెరువు రోడ్డు మీద మొదటి బెంచీ దాకా వెళ్ళి, కూర్చుని, వస్తున్నారు.

ఫోన్లు చేసి "ఆ వయసులో మీకు కొండలెందుకు, దిగి వచ్చెయ్యండి" అంటున్న మా అక్కచెల్లెళ్ళకీ, మరదళ్ళకీ కూడా ప్రేమతోనే చెప్తున్నా, మేం రావట్లేదు. పెద్దాసుపత్రి దూరమే, కాదనను. గుండె జబ్బో ఉబ్బసమో ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసి ఇక్కడికి రావొద్దు, ముందు డాక్టర్ని అడగండి. కానీ విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌లో పదిహేనేళ్ళు ఉన్నాం, ఎదురు ఫ్లాట్ వాళ్ళింట్లో ఎంతమంది ఉంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

వేసవికి మీరే రండి. బండిలో వచ్చేవాళ్ళు ముందే ఈ-పాస్ తీసుకోండి, 2024 మే నుంచి హైకోర్టు చెప్పింది, అది లేకపోతే కింద చెక్‌పోస్టు దగ్గరే ఆపుతారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు తేవద్దు, ఒక్కోదానికి 20 రూపాయలు కట్టమంటారు. స్టీలు సీసాలు తెచ్చుకోండి. మామిడికాయలు మాత్రం తప్పకుండా తెండి, నూజివీడు వైపువి, పులుపువి, ముక్క కొట్టించి వద్దు, కాయలుగానే. అక్కకి ఒక జాడీ, అయ్యగారికి ఒకటి, నర్సమ్మాయికి, వడ్రంగి అన్నకి, మా ఓనరుకి, తమ్ముడి వాళ్ళ పెళ్ళివారికి పెద్దది. కారం గుంటూరుదే కావాలి, ఓ రెండు కిలోలు ఎక్కువే వెయ్యండి.