సంస్కరణ ఆదివారం: గుడి (చర్చి) పనివారికి

అందరికీ వందనాలు. ఈ ఆదివారం సంస్కరణ పండుగ (1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ సంఘ సంస్కరణ మొదలుపెట్టిన జ్ఞాపకంగా), పైగా ప్రభురాత్రి భోజనం (బల్ల) కూడా ఉంది.

కాపలా అన్నకు: ముందున్న బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ తీసి ఎర్రది శనివారం సాయంత్రమే వేయండి. పులిపిట్టుకీ (ప్రసంగ పీఠానికీ) ఎరుపే. అంచున మైనం మరకుంటే గోకొద్దు. పైనా కిందా కాగితం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె ఆనిస్తే కాగితం పీల్చేస్తుంది.

ప్రభు భోజనంలో ఇచ్చే పలుచని రొట్టె బిళ్లలు, అంటే అప్పాలు, వానాకాలంలో మెత్తబడి రెండేసి అంటుకుంటాయి, అప్పుడే లెక్క తప్పుతుంది. ముందురోజే విడదీసి, 150 లెక్కపెట్టి, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో ఉంచండి. చిన్న గిన్నెకు 7 మి.లీ. చొప్పున 150 మందికి ద్రాక్షరసం లీటరు పైచిలుకు అవుతుంది. లీటరుంబావు తెస్తే చాలు. గిన్నెలు సగమే నింపండి. అంచుదాకా పోస్తే పళ్లెం కదలగానే పైన పరిచే తెల్లగుడ్డ పాడవుతుంది, ఆ మరక ఒక పట్టాన పోదు! మిగిలిన రసం తిరిగి సీసాలో పోయకూడదు.

ఉపదేశి గారూ (అభిషేకం లేని బోధకులు), పక్క ఊళ్లో ఆరాధన మీరే నడపాలి. ప్రభు భోజనం మాత్రం అక్కడ వద్దు, అభిషిక్తులైన అయ్యగారే (పాస్టరే) ఇవ్వాలి. మంచాన ఉన్నవాళ్ల పేర్లు బైబిలు స్త్రీలు (ఇళ్లు తిరిగి వాక్యం చెప్పే సంఘ సేవకురాళ్లు) శుక్రవారంలోగా చెబితే అయ్యగారు ఆదివారం మధ్యాహ్నం ఇళ్లకే వెళ్తారు.

బాప్తిస్మం ఉంటే పుట్టిన తేదీ ఆసుపత్రి కాగితం చూసి రిజిస్టరులో రాయండి. నోటిమాట మీద రాసినవే తర్వాత బడి సర్టిఫికెట్‌తో కలవక తిప్పలు పెడుతున్నాయి.