ఒరేయ్ బుల్లోడా, కాకినాడ సంగతి విను

అమలాపురం,
ఆదివారం

ఒరేయ్ బుల్లోడా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను. ముందు మామూలు కబుర్లు: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, కొబ్బరి ధర కాస్త పుంజుకుంది, డ్రెయిన్‌లో పూడిక ఈ ఏడూ తియ్యలేదు, మీ పెదనాన్నగారు కులాసా. రావులపాలెం అరటిగెల రహస్యం ఇంకా రహస్యంగానే ఉంది, నువ్వు కూడా నోరు విప్పకు. అయిపోయాయి.

ఇప్పుడు అసలుది. మా అక్క చిన్నబిడ్డ గుర్తుంది కదా, జగ్గన్నతోట తీర్థంలో నీ భుజాలెక్కి నీ జుట్టంతా జీళ్ళ పాకం చేసింది? అప్పుడు మనమంతా మగపిల్లాడనే అనుకున్నాం. ఇప్పుడు పదమూడేళ్ళు. తాను ఆడపిల్లనని పోయిన దసరా సెలవుల్లో వాళ్ళమ్మకి చెప్పింది. చెప్పడం కూడా ఎలా చెప్పిందనుకున్నావు, అన్నం తింటూ, చాలా మామూలుగా, ఎన్నాళ్ళగానో మనకి తెలుసనుకుంటున్నట్టు. అక్క ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఒక్క మాటా మాట్లాడకుండా ఏడ్చింది. ఇప్పుడు ఇంట్లో మేమంతా బుజ్జి అనే పిలుస్తున్నాం.

ఆ తర్వాత జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఊళ్ళో ఒకాయన మగ హార్మోన్ ఇంజక్షన్లు చేస్తే అంతా సర్దుకుంటుందన్నాడు. ఇంకొకరు తాయెత్తు కట్టమన్నారు. మా అమ్మ అయితే "సామర్లకోట రైల్లో చప్పట్లు కొట్టుకుంటూ అడుక్కోవాలా నా మనవడు" అని గుండెలు బాదుకుంది. ఆవిడ భయం అబద్ధమని నేను అనను. ఇంట్లోంచి గెంటేసిన వాళ్ళకి అదే గతి పట్టింది కదా. కానీ గెంటేది మనమే కదరా! 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎవరి లింగ గుర్తింపు వాళ్ళే చెప్పుకోవచ్చని తీర్పిచ్చింది. ఆ తీర్పు మా వీధిదాకా ఎప్పుడొస్తుందో.

సరే. బుజ్జి బాధల్లా ఒక్కటే, గొంతు. మారడం మొదలైంది. బళ్ళో మాట్లాడడం మానేసింది, ఫోన్ ఎత్తదు, ఎత్తినా గుసగుసే. దాని పెద్దక్క ఇంటర్నెట్‌లో చూసి ప్యూబర్టీ బ్లాకర్లని మందులున్నాయి, వేస్తే ఈడొచ్చేటప్పటి ఈ మార్పులన్నీ ఆగుతాయని చెప్పింది. అంతే, ఇల్లు రెండు పార్టీలైపోయింది. అక్క, పెద్దపిల్ల ఒక వైపు. బావగారు, వాళ్ళ అన్నయ్యగారు మరో వైపు. ఆ పెద్దాయన పేపర్ కటింగులు జేబులో పెట్టుకుని తిరిగాడు. "లండన్‌లోనే బ్యాన్ చేశారు, మనమెంత?" అని ఒకటే మాట.

అలా యానాం వంతెన మీదుగా అందరం కాకినాడ వెళ్ళాం. హార్మోన్ల డాక్టరు మేడం దగ్గరికి. బయట వరండాలో మా పక్కన ఒక చిన్నపిల్ల కూర్చుంది, ఏడేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ చెప్పింది, పాపకి ఆ వయసుకే ఈడు వచ్చేస్తోందిట, ఆపడానికి ఇంజక్షన్ చేయిస్తున్నారట. లోపలికెళ్ళాక తెలిసింది, అదే మందు! ఆడపిల్లల్లో ఎనిమిదేళ్ళలోపు, మగపిల్లల్లో తొమ్మిదేళ్ళలోపు ఈ మార్పులు మొదలైతే 1980ల నుంచీ దాన్నే వాడుతున్నారు. మన లెక్కల మాస్టారికి ప్రోస్టేట్ కేన్సర్‌కి చేసేవారే ల్యూప్రోలైడ్, అదేరా. మెదడులోంచి వచ్చే ఒక సంకేతం విడతలు విడతలుగా వస్తేనే పిట్యూటరీ గ్రంథి పని చేస్తుంది. ఈ మందు ఆ సంకేతాన్ని ఎడతెరిపి లేకుండా ఇస్తుంది, దాంతో గ్రంథి మొండికేసి ఊరుకుంటుంది, కింద హార్మోన్లు తయారు కావు. బావగారు వెంటనే "అంటే కాలవకి లాకులు దించినట్టే కదండీ, కావాలంటే మళ్ళీ ఎత్తొచ్చు" అన్నారు. మేడం నవ్వి, "ఎత్తొచ్చండి, నీళ్ళూ వస్తాయి. కానీ పైరు పొట్టకొచ్చే టైముకి నీళ్ళు లేకపోతే?" అంది. ఎముకలు గట్టిపడేది సరిగ్గా ఈ వయసులోనేట. మందు మీద ఉన్నన్నాళ్ళూ తోటి పిల్లలతో పోలిస్తే ఎముకల సాంద్రత వెనకబడుతుందిట. దీని తర్వాత నేరుగా ఆడ హార్మోన్లకి వెళితే పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చుట. అక్క మొహం చూడలేకపోయాను.

పెద్దాయన అప్పుడు కటింగులు బల్ల మీద పరిచారు. మేడం విసుక్కోలేదు, ఒక్కొక్కటీ చదివింది. తర్వాత చెప్పింది చూడు, నాకు ఇంకా చెవుల్లో ఉంది. బుజ్జి లాంటి పిల్లలకి ఈ మందు ఇచ్చే పద్ధతి నెదర్లాండ్స్‌లో మొదలైందిట. అక్కడ చిన్నప్పటినుంచీ పుట్టిన లింగం తమది కాదన్న భావన గట్టిగా ఉన్న పిల్లల్ని, చాలాకాలం పరీక్షించి, ఏరి మరీ తీసుకున్నారు. 70 మంది మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది, పిల్లల మనసు కుదుటపడిందని తేలింది. దాన్ని చూసి చాలా దేశాలు అందుకున్నాయి. ఇంగ్లండ్‌లో 44 మందికి ఇచ్చి చూస్తే మనసు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, బాగుపడనూ లేదు, పాడవనూ లేదు. అందులో 43 మంది ఆ తర్వాత తాము కోరుకున్న లింగపు హార్మోన్లకి వెళ్ళారు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చే మందు అన్నారు కదా, మరి అందరూ ఒకే దారిన వెళితే అది వ్యవధా అని కొందరు అడిగారు. సరైన పిల్లల్నే ఎంచుకున్నాం కాబట్టే అలా జరిగిందని మరికొందరు. ఈలోగా అక్కడి క్లినిక్‌కి ఏటా పంపే పిల్లలు 2011–12లో 250 కూడా లేనివాళ్ళు, పదేళ్ళకి 5,000 దాటారు.

ఆ మధ్యలోనే హిలరీ కాస్ అనే పెద్ద పిల్లల డాక్టరు చేత ప్రభుత్వ వైద్య వ్యవస్థ విచారణ చేయించింది. 2024 ఏప్రిల్‌లో దాదాపు 400 పేజీల నివేదిక వచ్చింది. ఆధారాలు బలహీనంగా ఉన్నాయి, పరిశోధనలో భాగంగా తప్ప మామూలుగా రాయకూడదు అని. ఆ డిసెంబరులో, అప్పటికే తాత్కాలికంగా పెట్టిన నిషేధాన్ని ఎత్తకుండా కొనసాగించారు, 2027లో మళ్ళీ చూస్తామన్నారు. స్వీడన్, ఫిన్లాండ్ అంతకు ముందే తగ్గించేశాయి. కానీ అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఈ వైద్యం ఉండాలనే అంటోంది, అక్కడే సగానికి పైగా రాష్ట్రాలు నిషేధించాయి, 2025 జూన్‌లో టెనెసీ రాష్ట్రపు నిషేధ చట్టాన్ని వాళ్ళ సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురి తేడాతో నిలబెట్టింది. పెద్దాయన "చూశారా!" అని బల్ల చరిచారు.

అప్పుడు మేడం అడిగిందిరా: "ఆ కాస్ గారు అదే నివేదికలో ట్రాన్స్ మనుషుల, అంటే మన బుజ్జి లాంటివాళ్ళ, గుర్తింపుని కాదనడం ఈ విచారణ ఉద్దేశం కాదని రాశారు. అది మీ కటింగుల్లో లేదా అండీ?" ఆయన కుర్చీలో కదిలారు గానీ మాట రాలేదు.

నాకు ఒళ్ళంతా వేడెక్కిపోయింది బుల్లోడా. ఇన్నాళ్ళూ ఇంట్లో జరిగిందదే. మందు మీద అనుమానాన్ని తీసుకొచ్చి బిడ్డ మీద తీర్పుగా వాడుకున్నారు! మందు ఇవ్వాలా వద్దా అన్నది నిజమైన ప్రశ్న, కష్టమైన ప్రశ్న, దాని మీద డాక్టర్లు కొట్టుకోనీ. బిడ్డని ఇంట్లో ఉండనివ్వాలా, పిలవమన్నట్టు పిలవాలా, బళ్ళో కొట్టకుండా చూడాలా, వీటికి ఏ అధ్యయనం కావాలి? ఏ పార్లమెంటు ఓటెయ్యాలి?

అలాగని మందు వద్దనే వాళ్ళంతా కటిక మనుషులనీ అనలేను. బావగారు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి "రేపు ముప్పయ్యేళ్ళకి నాన్నా ఎందుకు ఇచ్చావు అంటే ఏం చెప్పను" అన్నారు. కాసేపాగి, "ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు అంటే?" అని ఆయనే అన్నారు. అదీ మెలిక. ఊరికే ఉండడం కూడా ఒక నిర్ణయమేరా. గొంతు ఒకసారి బరువెక్కితే మందు ఆపినా వేసినా వెనక్కి రాదు. ఇంటర్నెట్‌లో దీన్ని ప్రమాదమే లేని మందంటున్నవాళ్ళు తప్పు. ఒక్క బిడ్డకీ, ఎప్పుడూ, ఎక్కడా ఇవ్వకూడదని చట్టం చేసేవాళ్ళూ తప్పే. ఎదురుగా ఉన్న బిడ్డని చూసి, మంచి వైద్యులు, నింపాదిగా, తల్లిదండ్రులతో కూర్చుని తేల్చాలి. దానికి పక్కాగా పరిశోధన జరగాలి, అందులో మన దేశపు పిల్లలూ ఉండాలి. నాకు ఇంతకంటే తోచడం లేదు. నీకు తోస్తే రాయి.

చెప్పడం మరిచాను, మేడం మమ్మల్నందర్నీ బయటికి పంపి బుజ్జితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చి నా పక్కన కూర్చుని మామూలు గొంతుతోనే, గుసగుస కాదు, "మావయ్యా, ఆకలేస్తోంది, కాజా కొంటావా" అంది. మధ్యలో ఓ మాట బొంగురుపోయింది, దానికీ ఆగలేదు. కొన్నాను. పెద్దాయనకీ ఒకటి ఇచ్చింది, తీసుకున్నారు.

ఇంజక్షన్ అయితే రాయలేదు. ముందు పిల్లల మానసిక వైద్యురాలిని కొన్నాళ్ళు చూడమంది, ఎముకల స్కానింగ్ చేయించమంది, మార్పులు ఇప్పటికే సగం దాటాయి కాబట్టి మందు వేసినా లాభమెంత, నష్టమెంత అన్నది అప్పుడు మాట్లాడదామంది. అక్కకి కాస్త నిరాశ. ఇంకో డాక్టరు దగ్గరికి పోదామంటోంది. ఆ మానసిక వైద్యురాలి దగ్గర కూడా ఒకసారి కూర్చున్నాం, అక్కడ అమ్మ వచ్చి ఏం చేసిందో తెలుసా, తిన్నగా ఆవిడ ఎదురుగా... ఉండు, బావగారు బయట హారన్ కొడుతున్నారు, కోటిపల్లి పంటు దాటిపోతుందని కేకలు. అది ఇంకో ఉత్తరంలో. మీ ఆవిడకి, పిల్లలకి దీవెనలు. ఈ సంగతి మీ పెదనాన్నగారికి మాత్రం నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

నీ
చిట్టి