సంక్రాంతి సావనీర్లు వేయించుకునే బ్యాచ్‌లకి, ముందే చెబుతున్నాను

నమస్కారమండి. "మా టెన్త్ బ్యాచ్ అంతా కలుస్తున్నామండీ, ఓ పుస్తకం వెయ్యాలి, ఎంతవుద్ది?" అంటూ దసరా వెళ్ళగానే ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి రాస్తే మీకూ నాకూ పని తేలికవుతుంది. గడువు, డబ్బు సంగతి కింద ఉంది. దానికంటే ముందు చెప్పాల్సింది ఇంకోటుంది, కాస్త ఓపిక పట్టండి.

దాచేదేముంది, మన ప్రెస్సు ఇవాళ నడుస్తున్నది చాలావరకు మీ ఆత్మీయ సమ్మేళనాల పుణ్యమే. పెళ్ళికార్డుల పని సగానికి సగం పడిపోయింది. వీడియో చేయించి వాట్సాప్‌లో పంపేసి, బొట్టుపెట్టి పిలవాల్సిన పెద్దల కోసం ఓ వంద కార్డులు చాలంటున్నారు. బిల్లుబుక్కులు కంప్యూటర్లలోకి పోయాయి. మిగిలినవి డిసెంబర్లో క్యాలెండర్లు, మాఘమాసం ముహూర్తాలు, ఆ రెంటికీ నడుమ పూర్వ విద్యార్థుల సావనీర్లు. వచ్చిన ఆర్డరు కాదనే స్థితిలో నేను లేను. అయినా ఈ ఏడు నుంచి ఒక పద్ధతి పెడుతున్నాను: మేటరు చూడకుండా ఆర్డరు ఒప్పుకోను.

కారణం చెబుతాను. ఇప్పటిదాకా వేసిన సావనీర్లన్నీ షాపులో ఒక అరలో ఉన్నాయి, వస్తే చూడొచ్చు. మొదటి పేజీల్లో నాయకుల శుభాకాంక్షలు, తర్వాత హెడ్మాస్టరుగారి సందేశం, కమిటీ సభ్యుల ఫొటోలు, ఆ తర్వాత "ఆ రోజులే వేరు" అని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డు. గోళీలాట, ఏడుపెంకులాట, సైకిలు టైరు దొర్లించడం, ఉప్పూకారం అద్దిన జామకాయ. ఇవి శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరికీ ఉన్నవే. అట్ట మీద బ్యాచ్ సంవత్సరం మార్చి ఒకరి పుస్తకం ఇంకొకరికి ఇచ్చినా పట్టుకునేవాడుండడు. అలాంటి పుస్తకం ఫంక్షన్‌హాలు కుర్చీల మీదే ఉండిపోతుంది. నేను చూశాను. హాలువాళ్ళు మర్నాడు నాకే ఫోను చేస్తారు, అడుగున ప్రెస్సు నంబరు ఉంటుంది కదా.

ఏడుపెంకులాట ఆడామని రాయొద్దనను. ఎవరి గోడవారన ఆడారు, బంతి ఎవరి వంటింట్లో పడింది, ఆ ఇంటావిడ ఏమని తిట్టింది, అది రాయండి.

నిరుడు మన రాజమండ్రిలో ఇన్నీసుపేట, కోటగుమ్మం చుట్టుపక్కల పెరిగిన ఒక బ్యాచ్ పుస్తకం వేశాం. 1987 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసినవాళ్ళు. వాళ్ళ సావనీరు ఎందుకు బావుందో చెబితే మీకు దారి దొరుకుతుందని రాస్తున్నాను, వాళ్ళ అనుమతి తీసుకునే.

హావ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. రైలు గోదారి దాటుతుంటే కిటికీలోంచి చిల్లర వేసి దణ్ణం పెట్టుకోవడం మనవాళ్ళందరికీ అలవాటే. పైన దణ్ణం పెట్టేవాళ్ళ సంగతి అందరూ రాస్తారు. ఈ బ్యాచ్‌లో ఒకాయన కింద ఉన్నవాళ్ళ సంగతి రాశాడు. అయస్కాంతానికి పురికొస కట్టి నీళ్ళలోకి వదిలి, పుష్కర ఘాటు మెట్ల దగ్గర పైసలు లాగేవాళ్ళమని రెండు పేజీలు రాశాడు. అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రూఫు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే హైదరాబాదు నుంచి ఇంకొకాయన లేచాడు. "ఒరేయ్, మన చిన్నప్పటి పైసలు అయస్కాంతానికి అంటుకునేవి కావురా!"

నిజమే. అప్పట్లో అయిదు పైసలు, పది పైసలు అల్యూమినియంవి. పావలా, అర్ధరూపాయి రాగీ నికెలూ కలిపినవి. అంటుకునే స్టీలు చిల్లర 1988లో మొదలైంది, స్టీలు రూపాయి 1992లో వచ్చింది. ఈ బ్యాచ్ అప్పటికి బడి దాటేసింది. రాసినాయన ఒప్పుకోడు, తన చేతిలో పురికొస గుర్తుందంటాడు. గ్రూపులో మూడు రోజులు వాదన సాగాక ఆయన తమ్ముడు ఫోనులోకి వచ్చాడు. అయస్కాంతం తనదట. అన్న అప్పటికి కాలేజీలో చదువుతూ, గట్టున నిలబడి చూసేవాడట. అన్న తరం పిల్లలు మునిగి తెచ్చేవాళ్ళు, ఈత కొట్టడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి దొరికిన పైసలు బుగ్గన పెట్టుకుని పైకి తేలేవాళ్ళు. తమ్ముడు ఈ మాట అనగానే అన్నకి అల్యూమినియం పైసా రుచి గుర్తొచ్చింది. చివరికి రెండూ వేశాం, అన్నది ఒక పేజీ, తమ్ముడిది ఎదురు పేజీ. పుస్తకం మొత్తానికి నాకు నచ్చిన పేజీలు అవే. ప్రూఫు గ్రూపులో పెట్టి గొడవ పడమనేది ఇందుకే. గొడవ పడితేనే అసలు సంగతి బయటికొస్తుంది.

అదే పుస్తకంలో 1986 వరద ఉంది. వాళ్ళు పదో తరగతిలో ఉండగానే ఆ ఆగస్టులో వచ్చింది. ఒకాయన లెక్కలన్నీ పోగుచేసి పంపాడు: భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, గట్లు ఎక్కడెక్కడ తెగాయి. మంచి శ్రమే, కానీ అవి పాత పేపర్లలో దొరుకుతాయి. రెండు వాక్యాలు ఉంచి మిగతాది తీసేద్దామన్నాను, పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. ఆ చోట్లోకి డల్లాస్‌లో ఉంటున్న ఒకావిడ రాసిన ఆరు వాక్యాలు వచ్చాయి. గోదారి లంకల నుంచి వచ్చినవాళ్ళకి ఈ బ్యాచ్ బళ్ళోనే బస ఇచ్చారట. వరద తీశాక బడి తెరిచేసరికి క్లాసులో బోర్డు మీద సుద్దముక్కతో మూడు గళ్ళు గీసి ఉన్నాయట: కుటుంబాలు, పిల్లలు, పశువులు. పశువుల గడిలో అంకె కొట్టేసి, పక్కన తక్కువ అంకె వేసి, మళ్ళీ కొట్టేసి ఉందట. లెక్కల మాస్టారు ఆ మూల చెరపకుండా, మిగిలిన బోర్డు మీదే కొన్నాళ్ళు పాఠం చెప్పారట. ఆవిడ ఇంకేమీ రాయలేదు, మేమూ ఏమీ కలపలేదు.

ఆడవాళ్ళ చేత రాయించండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కమిటీలన్నీ మగవాళ్ళవే, ఆడవాళ్ళని పాటలకీ రంగోలీకీ పెట్టి ఊరుకుంటున్నారు. మగవాళ్ళ జ్ఞాపకాల్లో ఘాట్లు, సినిమాహాళ్ళు, దసరాకి దేవీచౌక్‌లో నాటకాలకి సాయంత్రం నుంచే గోనెసంచి పరిచి చోటు పట్టడం ఉంటాయి. అదే పేట ఆడపిల్లలకి వేరు. అట్లతద్దికి తెల్లారకట్ట లేచి పెరుగన్నం తిని వీధిలోకి వస్తే, ఏడాదిలో ఆ ఒక్క చీకటిపూట మాత్రం ఎవరూ "ఎక్కడికే?" అని అడిగేవాళ్ళు కాదని ఒకావిడ రాశారు. కార్తీకంలో అరటిదొప్పల్లో దీపాలు వదలడానికి అమ్మల వెనక రేవుకి వెళ్ళడం, ఎవరి డాబా మీంచి ఎవరి డాబా మీదికి దాటొచ్చో, ఏ ఇంటి కుళాయిలో నీళ్ళు ఆఖరిదాకా వచ్చేవో, ఇవన్నీ వాళ్ళ దగ్గరే దొరికాయి.

పుస్తకం నడిమి పేజీల్లో వేసిన మ్యాపు వీటన్నిటితోనే తయారైంది. బ్యాచ్‌లో డ్రాయింగు బాగా వచ్చినాయన పెన్సిలుతో గీశాడు, 1986 నాటి వీధులు. గోళీసోడా బండి ఏ మలుపులో ఉండేదన్న దాని మీద ఇప్పటికీ రాజీ కుదరలేదు, అందుకని రెండు చోట్లా వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాం. మా ప్రెస్సు కూడా ఉంది అందులో. నాన్నగారు ట్రెడిల్ మెషిను నడిపే రోజుల్లో ప్రైవేటు క్లాసుల పరీక్ష పేపర్లు మా దగ్గరే కంపోజయ్యేవి. ఈ బ్యాచ్‌వాళ్ళు రంగుకాగితాల కత్తిరింపులు అడిగే నెపంతో వచ్చి, గ్యాలీలో, అంటే అచ్చక్షరాలు పేర్చిన పళ్ళెంలో, తిరగేసి ఉన్న అక్షరాలు చదవబోయేవాళ్ళట. తిరగేసి చదవడం రాక ఒక్క ప్రశ్నా దొరకలేదని రాశారు. నాన్నగారికి ఇది తెలుసు. నాకు ఎన్నోసార్లు చెప్పారు, నవ్వుకుంటూ.

ఇక పని సంగతులు.

రాయడం రాదనుకునేవాళ్ళు వాయిస్ మెసేజి పంపండి. నిజానికి నాకు అదే ఇష్టం. కలం పట్టగానే "నా మదిలో మెదిలే మధుర స్మృతులు" అని మొదలుపెట్టే మనిషే, ఫోనులో "ఒరేయ్, ఆ సందు చివర రావిచెట్టు లేదూ..." అని చక్కగా చెబుతాడు. మా డీటీపీ అమ్మాయి విని టైపు చేస్తుంది. దానికి పేజీ లెక్కన కొంచెం పడుతుంది. ఫోనులో టైపు చేసి పంపినా పర్వాలేదు. ఇన్నాళ్ళూ ప్రెస్సుల్లో వాడే పాత అనూ ఫాంట్లలోకి మారుస్తుంటే వత్తులు చెదిరిపోయేవి, ఇప్పుడు ఇన్‌డిజైన్‌లో, ఫోన్లలో ఉండే యూనికోడ్‌తోనే చేస్తున్నాం కాబట్టి ఆ బాధ లేదు.

ఏ సంవత్సరమో గుర్తులేకపోతే గోదావరి పుష్కరాలతో సరిచూసుకోండి: 1979, 1991, 2003, 2015. "పుష్కరాలకి నేను మూడో తరగతి" అని తేలితే మిగతా లెక్క అంతా కుదురుతుంది. మన ఊళ్ళో ఇంతకన్నా నమ్మకమైన క్యాలెండరు లేదు, క్యాలెండర్లు వేసేవాణ్ణి నేనే చెబుతున్నాను.

టెన్త్ గ్రూప్ ఫొటోని ఫ్రేములోంచి పీకకండి. పాత ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటుంది, లాగితే ముందువరసలో కూర్చున్న మాస్టార్ల మొహాలు ఊడొస్తాయి. ఫ్రేముతోనే తీసుకురండి, మా దగ్గర స్కాన్ చేసుకుంటాం. దూరాన ఉన్నవాళ్ళు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది.

పేజీలు ఎనిమిదేసి చొప్పున పెరుగుతాయి. ఆఖరి నిమిషంలో ఒక్క కవిత కలిపితే ఎనిమిది పేజీల ఖర్చు అవుతుంది. నడిమి మ్యాపు కావాలంటే సెంటర్ పిన్ను బైండింగే మేలు. గమ్ బైండింగులో మ్యాపు మధ్యభాగం మడతలోకి పోతుంది. సంఖ్య కూడా చూసుకుని చెప్పండి, డెబ్భైమంది బ్యాచ్‌కి మూడొందల కాపీలు వద్దు. నాకు లాభమే అయినా వద్దు.

చిరునామాల జాబితాలో ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ ఇవ్వండి. ఒకటే ఇస్తే సగంమందికి ఎవరో తెలియదు. నివాళి పేజీకి మాత్రం కమిటీలో ఇద్దరు సంతకం పెట్టాలి, ప్రతి పేరూ ఆ ఇంటివాళ్ళతో మాట్లాడాకే. ఒక బ్యాచ్ పంపిన జాబితాలో ఒకాయన బతికే ఉన్నాడు. పదో తరగతి అవగానే ఊరు విడిచి వెళ్ళాడు, అంతే. ఆయన బావమరిది ప్రూఫు చూడబట్టి సరిపోయింది.

డబ్బు: సగం ఆర్డరుతో, మిగతా సగం పుస్తకాలు తీసుకెళ్ళేటప్పుడు. "ఫంక్షన్ అయ్యాక ఇచ్చేస్తాం" అనేది ఇకమీదట కుదరదండి. ఫంక్షన్ అయ్యాక కోశాధికారి అమెరికా విమానం ఎక్కేస్తాడు, గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఇంకో మాట ఉండదు. రెండు బ్యాచ్‌ల నుంచి నాకింకా రావాలి. పేర్లు రాయను, చదువుతున్నారని తెలుసు.

గడువు కార్తీక పౌర్ణమి. ఆలోపు మేటరంతా చేరితే భోగి ముందు పుస్తకాలు చేతికిస్తాను. తర్వాత వచ్చినవి క్యాలెండర్ల వెనక వరసలో ఉంటాయి, వేసవి సెలవుల్లో కలిసే బ్యాచ్‌లకి ఆ వరస సరిపోతుంది. 2027 పుష్కరాలకి కలుద్దామనుకుంటున్నవాళ్ళు కూడా అప్పుడే అడుగుతున్నారు. వాటికి ఇప్పుడే అడ్వాన్సు తీసుకోను, కాగితం ధర అప్పటికి ఎక్కడుంటుందో చెప్పలేను. కానీ జ్ఞాపకాలు పోగుచేయడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి, చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇళ్ళల్లో ఉండగానే.

చివరగా ఒక విన్నపం. 1991 పుష్కరాలప్పుడు కంబాలచెరువు, దేవీచౌక్ వైపు వీధుల్లో తీసిన ఫొటోలు ఒక బ్యాచ్‌కి కావాలి. స్నానాల ఫొటోలు చాలానే దొరికాయి, వీధులవే లేవు. మీ ఆల్బమ్‌లో ఉంటే పట్టుకురండి, మీ ఎదురుగానే స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ప్రింటింగు మెషిన్లు ఆపుతున్నాం, ఆ వేళకి వస్తే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.