రియాక్టర్ ప్రమాద బాధితుల సహాయ కమిటీ: జమా ఖర్చుల వివరణ (2024 నవంబరు 1 – 2025 డిసెంబరు 31)

చందా ఇచ్చిన కార్మికులకు, తొమ్మిది ఊళ్ల వాళ్లకు, తోటి ఫ్యాక్టరీల వాళ్లకు కమిటీ అప్పజెప్పుతున్న లెక్క ఇది. ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు, ఏడుగురు కాలారు. వాళ్ల కోసం వచ్చిన ప్రతి రూపాయీ ఇందులో ఉంది. చట్టప్రకారం రావాల్సిన నష్టపరిహారం మాత్రం ఇందులో ఉండదు. అది ఉద్యోగుల నష్టపరిహార కేసులు తేల్చే కమిషనర్ దగ్గర జమై నేరుగా కుటుంబాలకే వెళ్తుంది, కమిటీ చేతిమీదుగా పోదు, పోకూడదు కూడా.

జమ

తోటి ఫ్యాక్టరీల కార్మికులు ఇచ్చిన ఒకరోజు జీతం: రూ. 3,86,200
గేటు దగ్గర డబ్బాలు: రూ. 2,14,350
యూపీఐ, బ్యాంకు బదిలీలు: రూ. 1,52,600
తొమ్మిది ఊళ్లలో ఇంటింటి చందా: రూ. 97,480
యూనియన్ విరాళం: రూ. 75,000
బ్యాంకు వడ్డీ: రూ. 6,214
మొత్తం జమ: రూ. 9,31,844

గేటు డబ్బాలు విప్పినప్పుడల్లా ఇద్దరు సాక్షుల సంతకాలతో చీటీ రాశాం. చీటీల మొత్తం రూ. 2,15,550. బ్యాంకులో పడింది రూ. 2,14,350. తేడా రూ. 1,200 ఎక్కడికీ పోలేదు. రెండు 500 నోట్లు, ఒక 200 నోటు చిరిగి ఉన్నాయని కౌంటర్లో తీసుకోలేదు. అవి కవరులో ఉన్నాయి, మార్చాక వచ్చే లెక్కలో జమ వేస్తాం.

అమెరికా నుంచి ఇద్దరు పంపిన రూ. 40,000 తిప్పి పంపేశాం. వాళ్లు తెలుగువాళ్లే గానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. విదేశీ పౌరుల నుంచి విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మనకు లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. దుబాయ్, మస్కట్‌లో ఉన్న మనవాళ్లు పంపినవి అలాగే తీసుకున్నాం.

ఖర్చు

కుటుంబాలకు నేరుగా: రూ. 2,25,000
బయట కొన్న మందులు, కట్లు, ప్రెషర్ గార్మెంట్లు: రూ. 2,17,930
ఆసుపత్రి దగ్గర తోడున్నవాళ్ల తిండి, గది అద్దె: రూ. 1,38,400
ప్రయాణాలు: రూ. 84,650
కేసుల ఖర్చు: రూ. 62,000
కాగితాలు: రూ. 31,275
డాక్టర్ అంచనా, సాక్ష్యం: రూ. 27,500
రసీదు పుస్తకాలు, బ్యాంకు చార్జీలు: రూ. 4,385
మొత్తం ఖర్చు: రూ. 7,91,140
నిల్వ: రూ. 1,40,704 (బ్యాంకులో 1,36,904, చేతిలో 3,800)

కుటుంబాలకు ఇచ్చింది చనిపోయినవాళ్ల ఇళ్లకు 40,000 చొప్పున, కాలినవాళ్లకు 15,000 చొప్పున. మంచంలో ఉన్నన్నాళ్లూ కంపెనీ ఇవ్వాలి కదా, మనమెందుకివ్వడం అని కొందరు అడిగారు. ఇవ్వాలి, నిజమే. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం తాత్కాలికంగా పనికి దూరమైనవాడికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది 15,000 దాకానే (2020 జనవరి నుంచి ఇదే పరిమితి). అంటే పదిహేను రోజులకు 3,750. మనవాళ్లలో ముగ్గురికి అది మొదటి రెండు నెలలూ రాలేదు, ఆ ఖాళీ పూడ్చడానికే ఈ సొమ్ము. ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉన్న నలుగురికి రోజు జీతంలో 90 శాతం లెక్కన వచ్చింది, కాస్త ఆలస్యంగానైనా.

మందుల పద్దులో రూ. 79,200 ఒక్క ప్రెషర్ గార్మెంట్లదే. ఆరుగురికి తలా రెండు జతలు, జత 6,600. కాలిన చోట మచ్చ గట్టిపడి కీలు ముడుచుకుపోకుండా ఒంటికి బిగుతుగా తొడిగే బట్ట ఇది. స్నానానికి తప్ప తీయకూడదు, రోజుకు 23 గంటలు, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా. ఒకటి ఉతుక్కుంటే ఇంకొకటి ఒంటిమీద ఉండాలి కాబట్టే రెండు. రెండు మూడు నెలలకు సాగిపోతుంది, మళ్లీ కొలత తీయించాలి. వదులైన గార్మెంట్ వేసుకుని తిరగడం ఉత్తదే, ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో ఒకరి మోచెయ్యి సగమే చాపగలిగే స్థితికి వచ్చింది. మిగతా రూ. 1,38,730 ఆల్బుమిన్ సీసాలు, కొలాజెన్ పొరలు, సిల్వర్ సల్ఫాడయాజిన్, గాజుగుడ్డ, ప్రొటీన్ పొడులది.

ఇందులో కమిటీ చేసిన తప్పొకటుంది. మొదటి వారం రూ. 18,340 బిల్లులు కమిటీ పేరు మీద రాయించాం. వైద్యానికి నిజంగా అయిన ఖర్చంతా యజమాని ఇవ్వాలని అదే చట్టంలోని సెక్షన్ 4(2ఎ) చెబుతోంది. కానీ బిల్లు రోగి పేరు మీద ఉంటేనే అడగడం తేలిక. ఆ తర్వాత నుంచి ప్రతి బిల్లు మీదా రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాయించాం. రేపు ఆ డబ్బు వస్తే అది కుటుంబాలదే, కమిటీ వెనక్కి అడగదు.

ఇప్పుడు కాగితాల పద్దు. జెరాక్సులు, ధ్రువీకరించిన నకళ్లు 9,400. ఒడియా నుంచి తెలుగు అనువాదాలు, నోటరీ 6,875. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాల కోసం తిరుగుళ్లు 8,500. ఆధార్ సవరణలు, బ్యాంకు ఖాతాలు, ఫొటోలు 6,500. చిన్న పద్దే గానీ, సమావేశంలో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి. ఆధార్ సవరణకు చందా డబ్బెందుకని ఒకరు అడిగారు. జవాబు అంకెల్లోనే ఉంది.

చావుకు పరిహారం లెక్క ఇది: నెల జీతంలో సగాన్ని, చనిపోయిన నాటికి నిండిన వయసును బట్టి పట్టికలో ఉన్న గుణకంతో హెచ్చవేయాలి. 30 ఏళ్లకు గుణకం 207.98, 26 ఏళ్లకు 215.28. జీతం 15,000 అయితే 30 ఏళ్లకు రూ. 15,59,850, 26 ఏళ్లకు రూ. 16,14,600. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఏదో ఒక సంవత్సరం వేసేసినవాళ్లు మనలో ఎంతమందో లెక్కే లేదు. నాలుగేళ్లు ఎక్కువ పడితే కుటుంబానికి రూ. 54,750 నష్టం. బడి రికార్డు తెచ్చుకోవాలి.

జీతం చీటీ దగ్గర నష్టం ఇంకా పెద్దది. చనిపోయినవాళ్లలో ఒకతనికి అందేది 17,000. చీటీలో మాత్రం 12,000, మిగతా 5,000 మేస్త్రీ ఫోన్‌పేలో వేసేవాడు. చీటీనే పట్టుకుంటే పరిహారం రూ. 12,47,880. బ్యాంకు పాస్‌బుక్కు, ఫోన్‌పే స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి చూపించాక 15,000 పరిమితి దాకా తీసుకున్నారు. తేడా రూ. 3,11,970. ఆ స్టేట్‌మెంటు తీయించిన ఖర్చు 40 రూపాయల జెరాక్సు. అతని కేసు ఒక్కటే ఇప్పటికి తేలింది, దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా వేశారు. బాకీ ప్రమాదం నాటినుంచే పడుతుంది, నెలలోపు కట్టకపోతే వడ్డీ తప్పదు, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో 50 శాతం దాకా జరిమానా కూడా వేయొచ్చు. పిల్లల వాటా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు, తీయాలంటే కమిషనర్ అనుమతి కావాలి.

ప్రమాదం జరిగిన వారంలోపు పట్టుకోవాల్సిన కాగితాలు వేరే ఉన్నాయి. ఆసుపత్రి ప్రమాద రిజిస్టరులో 'డ్యూటీలో, ఫ్యాక్టరీలో, రియాక్టర్ పేలి' అని పడాలి. వట్టి 'కాలిన గాయాలు' అని రాసి వదిలేస్తే తర్వాత ఇంట్లో గ్యాస్ అంటుకుందనే వాదన వస్తుంది. డిశ్చార్జి కాగితంలో ఒంట్లో ఎంత శాతం కాలింది, ఎంత లోతున కాలింది అన్నవి అడిగి రాయించుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, గేటు హాజరు నకలు తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికులకైతే ఆ నెల బస్సు పాసు, క్యాంటీన్ టోకెన్ కూడా పనికొస్తాయి. 'వాడు మా మనిషి కాడు, కాంట్రాక్టరు మనిషి' అన్న మాట సెక్షన్ 12 ముందు నిలవదు. అసలు యజమాని చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. కానీ ఆ రోజు అతను లోపల ఉన్నాడని చూపించాలి.

తప్పెవరిదో నిరూపించే పని కార్మికుడిది కాదు. పర్మిట్ లేకుండా వాల్వు తిప్పాడు, చెప్పిన మాట వినలేదు అంటారు. చావుకూ, పూర్తి శాశ్వత వైకల్యానికీ ఆ వాదన చెల్లదని చట్టంలోనే ఉంది.

ఈఎస్ఐ ఉందా లేదా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి. ఉంటే 1923 చట్టం కింద అడగడానికి వీల్లేదు, పింఛను ఈఎస్ఐ నుంచే. మనవాళ్లలో ఒకరికి ప్రమాదం జరిగిన రాత్రే హడావిడిగా ఈఎస్ఐ నంబరు తీశారు, చేరిన తేదీ కూడా అదే వేశారు. దాన్ని సరిచేయించడానికే మూడు నెలలు పట్టింది. ఈఎస్ఐ ఉన్న మృతుడి ఇంటికి రోజు జీతంలో 90 శాతం పింఛను వస్తుంది. భార్యకు అయిదింట మూడు, ఒక్కో బిడ్డకు అయిదింట రెండు వాటాలు. ఇద్దరు పిల్లలుంటే మొత్తం దాటిపోతుంది కాబట్టి భార్యకు ఏడింట మూడు, పిల్లలకు ఏడింట రెండేసి అవుతుంది. కొడుకుకు 25 ఏళ్ల దాకా, కూతురికి పెళ్లయ్యేదాకా.

కమిషనర్ ముందు వేసినవి అయిదు అర్జీలు, కేసుకు 12,400 ఖర్చు. న్యాయవాది ఫీజు తీసుకోలేదు, టైపింగు, గుమాస్తా, వాయిదాల ఖర్చే. పరిహారంలో శాతం ఇచ్చే ఒప్పందం కమిటీ దగ్గర ఎవరితోనూ లేదు, అలా అడిగినవాళ్లుంటే చెప్పండి. అర్జీ గడువు రెండేళ్లు. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు, కుటుంబం ఉండే జిల్లాలోనైనా వేయొచ్చు. ఒడిశా కుటుంబం అలాగే గంజాం జిల్లాలో వేసింది. లేకపోతే ప్రయాణాల పద్దు రెట్టింపయ్యేది.

డాక్టర్ పద్దు 27,500లో అంచనాలు ముగ్గురికి 7,500, సాక్ష్యానికి రెండుసార్లు వచ్చినందుకు 20,000. సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంది కదా, ఇదెందుకని అడిగారు. సదరం ఒంటి వైకల్యం ఎంతో చెబుతుంది. ఇక్కడ చూసేది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. 40 ఏళ్ల ఫిట్టర్ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి, సదరంలో 40 శాతం. ఆ లెక్కన రూ. 6,63,012. స్పానర్ పట్టలేడు కాబట్టి అతని పనికి సంబంధించి నూరు శాతం పోయిందని డాక్టర్ చెబితే, అది నిలిస్తే రూ. 16,57,530. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి పూర్తి పరిహారం సరైనదేనని 1975లో సుప్రీంకోర్టు శ్రీనివాస్ సబత కేసులో చెప్పింది. ఈ కేసులో దాన్నే చూపిస్తున్నాం. ముఖం తీవ్రంగా వికృతమైతే పట్టికలోనే నూరు శాతం ఉంది, దానికి వేరే అంచనా అక్కర్లేదు.

గేటు దగ్గర ఎక్స్‌గ్రేషియా చెక్కు ఇస్తూ 'ఇక ఏ బాకీ లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మామూలే. చట్టం కింద రావాల్సిన హక్కును అలా వదులుకునే ఒప్పందం చెల్లదు. చావు పరిహారం కమిషనర్ దగ్గర జమ చేయాల్సిందే, చేతికిస్తే చెల్లించినట్టు కాదు. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు మాత్రం మినహాయింపు. అయినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి, తర్వాత దాన్ని తీసేయించడానికి వాయిదాలు పోతాయి.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పైన చెప్పిన సెక్షన్ నంబర్లు అంతకుముందు జరిగిన ప్రమాదాలకు, అంటే మన కేసులకు. ఆ తేదీ తర్వాతి ప్రమాదాలకు కోడ్‌ చూసుకోవాలి.

నిల్వలో రూ. 52,800 ఫిబ్రవరి కొలతల తర్వాత తీయాల్సిన ఎనిమిది జతల గార్మెంట్లకు పక్కన పెట్టాం. మిగతాది నడుస్తున్న నాలుగు అర్జీలకు. చిట్టా పుస్తకం, రసీదు కౌంటర్‌ఫాయిళ్లు, చిరిగిన నోట్ల కవరుతో సహా యూనియన్ ఆఫీసులో ఆదివారాలు సాయంత్రం 4 నుంచి 7 దాకా చూడొచ్చు. అభ్యంతరాలు జనవరి నెలాఖరులోగా రాసి ఇవ్వండి.