వార్షిక నివేదిక: ఈ ఏడాది మన వంగ మొక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ఇంటి తోటల సంఘం పని చాలావరకు వంగ చుట్టూనే తిరిగింది. పోయిన సర్వసభ్య సమావేశంలో ఎవరిని కదిపినా ఒకటే బాధ. మొక్క ఏపుగా పెరుగుతోంది, కాయ కోసి చూస్తే లోపల పురుగు. అందుకే మిగతా కూరగాయలను కాస్త పక్కన పెట్టాం.

నారు ఉమ్మడిగా పోసి పంచాం. మట్టి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నప్పుడు పోసిన గింజలు వారం పది రోజుల్లో మొలిచాయి. చలిలో పోసిన ట్రేలు బాగా ఆలస్యమయ్యాయి, పైగా తడి ఎక్కువై కొంత నారు మొదలు కుళ్లి పడిపోయింది. నాలుగైదు ఆకులున్న నారునే ఇచ్చాం. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ 60 సెంటీమీటర్ల ఎడం, కుండీలో అయితే ఒక్కటే మొక్క అని ముందే చెప్పాం. టమాటా, మిరప పీకేసిన మడిలో వెంటనే వంగ నాటొద్దని కూడా గట్టిగా చెప్పాం. మూడూ ఒకే కుటుంబం, ఒకదాని ఎండు తెగులు మట్టిలో ఉండిపోయి ఇంకోదాన్ని పట్టుకుంటుంది.

ఇక అసలు సంగతి. నాటిన నెలన్నరకి చాలామంది తోటల్లో కొమ్మల చివర్లు వాలిపోయాయి. ఎండ దెబ్బ అనుకుని అందరం నీళ్లు పెంచాం. నేనూ అదే చేశాను. కింది ఆకులన్నీ నిటారుగా ఉండి, ఒక్క మొవ్వు మాత్రమే వేలాడుతుంటే అది దాహం కాదని అప్పుడు తట్టలేదు. ఒక ఆదివారం మా పెరట్లో పెద్దావిడ ఒకరు అలాంటి మొవ్వు తుంచి, బ్లేడుతో నిలువునా చీల్చి చూపించారు. లోపల కొమ్మ గుల్ల. తడి పొట్టు లాంటి రెట్ట, దాని వెనక లేత గులాబీ రంగు పురుగు ఒకటి మెల్లగా కదులుతోంది. అదే కొమ్మ, కాయ తొలుచు పురుగు. పిందెలు రాకముందు కొమ్మలో ఉంటుంది, వచ్చాక కాయలోకి దూరుతుంది. ఒకసారి లోపలికి వెళ్లాక పైన ఏం చల్లినా దానికి తగలదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఉదయం వాడిన మొవ్వు కనిపిస్తే గుల్ల ఉన్నంతవరకూ, ఇంకో అంగుళం కిందికి కత్తిరించి తీసేయాలని పెట్టుకున్నాం. మొక్క పక్క కొమ్మలు వేసి కోలుకుంటుంది. తీసిన మొవ్వులను, పుచ్చు కాయలను కంపోస్టు కుప్పలో వేయకూడదు. పైపైన పడేస్తే పురుగు బయటికొచ్చి రాలిన ఆకుల్లో గూడు కట్టుకుని రెక్కల పురుగై ఎగురుతుంది. బిగించిన కవర్లో ఎండలో పెట్టి తర్వాత పారేశాం. ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కూడా పెట్టాం. వాటిలో మగ పురుగులే పడతాయి, పక్క ఇళ్ల నుంచి ఆడ పురుగులు వచ్చి గుడ్లు పెడుతూనే ఉంటాయి కాబట్టి ఒక్క ఇంట్లో పెడితే పెద్దగా లాభం ఉండదు.

నాకు ఈ ఏడాది బాగా అర్థమైంది ఇదే. నా తోట శుభ్రంగా ఉన్నా పక్కింటి పుచ్చు కాయ నాకూ చేటే. అందరూ కలిసి చేసిన వీధుల్లో పుచ్చు బాగా తగ్గింది, ఒకరిద్దరు మానేసిన చోట మళ్లీ వచ్చింది. పురుగు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

పూత రాలిపోతోందని ఫోన్లు చాలా వచ్చాయి. వంగ పువ్వులన్నీ ఒకలా ఉండవు. మధ్యలో ఉండే ఆకుపచ్చ కీలం పసుపు కేసరాలను దాటి బయటికి పొడుచుకొస్తే ఆ పువ్వు కాయ పడుతుంది. లోపలే పొట్టిగా ఉండిపోతే రాలిపోతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. అన్నీ పొట్టివే వస్తుంటే మాత్రం మొక్కకు బలం తగ్గిందేమో చూసుకోండి. వంగ పుప్పొడి కేసరాల కొనల్లో ఉన్న చిన్న రంధ్రాల నుంచి రాలుతుంది, అందుకు కాస్త అదురు కావాలి. నల్ల తుమ్మెదలు పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరించి రాల్చుకుంటాయి. తుమ్మెదలు రాని మేడల మీద ఉదయం పూట కొమ్మను వేలితో మెల్లగా తట్టమన్నాం. 35 డిగ్రీలు దాటే ఎండల్లో ఎంత తట్టినా పూత నిలవదు.

ఆకులను గీకి తినే అక్షింతల పురుగులను చేత్తో ఏరేశాం. ఎర్రనల్లికి ఆకు అడుగున నీళ్లు జల్లి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టాం. ఆకులు చిట్టివై గుబురుగా మారే వెర్రి తెగులుకు మందు లేదు. అలాంటి మొక్కను జాలిపడకుండా పీకేయండి.

కోత విషయంలో ఇంకా ఆలస్యం చేస్తున్నాం. కాయ పెద్దదవుతుందని ఆగితే నిగనిగ పోయి గింజ ముదురుతుంది. మెరుపు ఉండగానే తొడిమతో కత్తిరించండి, లాగొద్దు.

విత్తనానికి మాత్రం ఒకటి రెండు మంచి కాయలను పసుపు రంగుకి తిరిగేదాకా చెట్టునే ఉంచండి. గింజలు కడిగి, నీటిలో మునిగినవే నీడలో ఆరబెట్టి తీసుకురండి. హైబ్రిడ్ మొక్కల గింజలు వద్దు, తల్లిలా రావు.

ఆదాయ వ్యయాల పట్టిక విడిగా పంపుతున్నాం. వచ్చే ఏడాది ఆదివారం తనిఖీకి వీధికొకరు బాధ్యత తీసుకోవాలి. ముందుకొచ్చేవాళ్లు నారు పంచే లోపు కమిటీకి పేరు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి