ఆరు నుంచి ఎనిమిది తరగతుల రోబో కిట్లలో ఇక లిథియం సెల్స్ ఇవ్వం

బడుల్లో రోబోటిక్స్ క్లబ్బులు నడుపుతూ మా దగ్గర లైన్ ఫాలోయర్ (నేల మీది నల్ల గీత వెంట నడిచే రోబో) కిట్లు తీసుకుంటున్న సార్లకు, మేడమ్‌లకు, పిల్లల అమ్మానాన్నలకు నమస్కారం.

ఈ విడత నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల కిట్టులో 18650 అనే సైజు గుండ్రటి లిథియం సెల్స్ ఉండవు. వాటి బదులు గోడ గడియారంలో వేసే డబుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ ఆరు వస్తాయి. మోటార్లకు కరెంటు అందించే డ్రైవరు బోర్డు కూడా మారింది. కిట్టు ధర 600 రూపాయలు పెరిగింది, క్లబ్బుకు ఒకటి చొప్పున చార్జరు విడిగా కొనాలి. మిగతా సామాను దాదాపు పాతదే.

ధర పెంచి, చూడ్డానికి పాతకాలం సెల్స్ ఇస్తే మాట పడాల్సి వస్తుందని తెలుసు, పడ్డాం కూడా. "ఖర్చు మిగుల్చుకోవడానికి చవక సెల్స్ అంటగడుతున్నారు" అనీ, రోబో వేగం పోతుందనీ కొన్ని బడుల నుంచి విన్నాం. పాత కిట్టులో రెండు సెల్స్ ఉండేవి, ఇప్పుడు ఆరు. ఆ ఆరింటి కొనుగోలు ధర పాత రెండింటికి రెట్టింపు పైనే. సెల్స్ మీద మేం లాభం వేసుకోలేదు. ఏళ్ల తరబడి మా దగ్గర కొంటున్నవాళ్లు ఆ మాట అనేసరికి మనసు కష్టపడింది. అందుకే జరిగిందంతా దాచకుండా రాస్తున్నాం.

మాకు సెల్స్ ఇచ్చే సరఫరాదారు కిందటి లాటులో సరుకు మార్చేశాడు. లేబుల్ అదే, రంగు అదే, మీద రాసిన 2600 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) అదే. లోపల ఉన్నది మాత్రం వేరు. ఆ సైజులో నిఖార్సైన సెల్ 45 గ్రాముల చుట్టూ తూగుతుంది. ఈ లాటులోవి 32 నుంచి 35 గ్రాములు తూగాయి. పూర్తిగా చార్జ్ చేసి, గంట ఆగి, అర ఆంపియరు లోడు మీద 3 వోల్టులకు దిగేదాకా నడిపితే 2600 ఎంఏహెచ్ సెల్ అయిదు గంటల చిల్లర రావాలి. ఇవి రెండు గంటలు కూడా నిలవలేదు. బజారులో 9800 అనీ, 9900 అనీ రాసి అమ్మేవి అంతకన్నా దారుణం. 18650 సైజులో మామూలుగా దొరికే మంచి సెల్ 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ పెద్ద అంకె కనిపించిందంటే చాలు, అది దొంగ సెల్ అని తేల్చేసుకోవచ్చు.

ఎక్కువ సేపు రాకపోవడం ఒక్కటే అయితే రెండుసార్లు చార్జ్ చేసుకోమని చెప్పేవాళ్లం. అసలు తంటా అంతర్నిరోధంతో, అంటే సెల్ తన లోపలే కరెంటును అడ్డుకోవడంతో వచ్చింది. మంచి సెల్‌లో అది సాధారణంగా 100 మిల్లీ ఓముల లోపే ఉంటుంది, వీటిలో 250 పైమాటే. చక్రం తిప్పే పసుపు రంగు బీఓ మోటారు మామూలుగా తిరిగేటప్పుడు రెండు వందల మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది కానీ, ఆగి కదిలే క్షణంలో ఒక ఆంపియరు దాటుతుంది. రెండు మోటార్లూ ఒకేసారి కదిలితే రెండు ఆంపియర్లు. అంటే ఒక్కో సెల్ మీద అర వోల్టు, రెండింటి మీద కలిపి ఒక వోల్టు ఆ క్షణానికి మాయం. సగం ఖాళీ అయిన జత 7 వోల్టులు చూపిస్తుంటే ప్రోగ్రాం నడిపే ఆర్డుయినో బోర్డుకు అందేది 6. బోర్డు మీది రెగ్యులేటరు 5 వోల్టులు ఇవ్వాలంటే అంతకన్నా కనీసం ఒక వోల్టు పైన కావాలి. అక్కడ తడబడి ఆర్డుయినో మొదటి నుంచి మొదలవుతుంది. ఆ అయిదు వోల్టుల కన్నా తగ్గితే, గీతను చూసే ఐఆర్ సెన్సారు వెలుగు కూడా తగ్గి, నల్ల గీతకూ తెల్ల నేలకూ తేడా తెలియకుండా పోతుంది.

బయటికి ఇది ఎలా కనిపిస్తుందో మీలో చాలామందికి తెలుసు. రోబో నేరుగా వెళ్తున్నంత సేపు బాగానే ఉంటుంది. మలుపు దగ్గర ఒక చక్రం ఆగి మళ్లీ కదలగానే నిలబడిపోతుంది, రెండు సెకన్లకు మళ్లీ బయల్దేరుతుంది, అప్పటికి గీత తప్పిపోయి ఉంటుంది. పిల్లలు తప్పంతా తమ ప్రోగ్రాంలోనే ఉందనుకుని బాగున్న కోడ్‌ను చెరిపి మళ్లీ రాసుకున్నారు. ఏడో తరగతి పిల్లలు పీరియడ్ల కొద్దీ లేని తప్పు కోసం వెతికారన్న సంగతి మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

కోడ్‌దా కరెంటుదా అని తేల్చుకోవడానికి ఒక దారి చెబుతాం, ఏ కిట్టుకైనా పనికొస్తుంది. ప్రోగ్రాంలో స్విచ్ వేయగానే ఒక్కసారే నడిచే సెటప్ భాగం మొదట్లోనే 13వ పిన్ ఎల్ఈడీ మూడుసార్లు వెలిగి ఆరేలా రాయండి. స్విచ్ వేసినప్పుడు అది వెలగాలి, ఆ తర్వాత వెలగకూడదు. ట్రాక్ మధ్యలో మళ్లీ మూడుసార్లు వెలిగిందంటే ఆర్డుయినో రీస్టార్ట్ అయింది. ఇక కోడ్ జోలికి వెళ్లకండి, సెల్స్ చూడండి, తర్వాత హోల్డరు స్ప్రింగులు, వదులు వైర్లు చూడండి.

సరఫరాదారు దగ్గరికి తూకం లెక్కలూ డిశ్చార్జి లెక్కలూ పట్టుకెళ్తే అతను పంపిన టెస్టు రిపోర్టు వేరే మోడల్ సెల్‌ది. మన దేశంలో పోర్టబుల్ వాడకానికి అమ్మే రీచార్జబుల్ సెల్స్‌కు ఐఎస్ 16046 ప్రమాణం కింద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు పేరు వస్తుంది. అతని సరుకు మీది నంబరు కొడితే ఇంకో కంపెనీ పేరు వచ్చింది. అది చూపిస్తే, ర్యాపర్ విప్పిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు. విప్పకుండా లోపలేముందో చూసేదెలా? చివరికి అతనన్న మాట: "పిల్లల బొమ్మల్లో వేసేదానికి ఇంత పట్టింపా?" డబ్బు పోయింది, అది వ్యాపారంలో ఉండేదే. ఆ మాట మాత్రం మింగుడు పడలేదు. పదకొండేళ్ల పిల్ల బెంచీ మీద పెట్టుకుని చార్జ్ చేసే వస్తువు కాబట్టే పట్టింపు. ఆ లాటులో మా దగ్గర మిగిలిందంతా పక్కన పెట్టేశాం, ఎవరికీ తిరిగి అమ్మలేదు, అతనితో లావాదేవీ అయిపోయింది.

ఆ తర్వాత ఏం చేయాలన్నది తేల్చుకోవడమే కష్టమైంది. మంచి లిథియం సెల్స్ వేరే చోట దొరకవా అంటే దొరుకుతాయి. లోపలే రక్షణ సర్క్యూట్ ఉన్న 18650లు అయితే 68 నుంచి 70 మిల్లీమీటర్ల పొడవుంటాయి, 65 మిల్లీమీటర్లకు చేసిన మన హోల్డరులో పట్టవు, బలవంతంగా నెడితే స్ప్రింగు వంగుతుంది. హోల్డరు మార్చుకోవచ్చు, అది పెద్ద పని కాదు. కానీ రెండు గడుల హోల్డరులో ఒక సెల్ తిరగేసి పెట్టడం, సెల్‌ను విడిగా తీసి జేబులో తాళంచెవులతో పాటు వేసుకోవడం, ఫోను చార్జరుకు చిన్న చార్జింగ్ బోర్డు తగిలించి రాత్రంతా ల్యాబులో వదిలేసి తాళం వేసి పోవడం, ఇవన్నీ బడుల్లో జరుగుతున్నవే. సెల్ ఎంత మంచిదైనా వీటిని ఆపదు.

మమ్మల్ని బాగా ఊరించింది రెండు సెల్స్‌నూ వాటి చార్జింగును కాపాడే బీఎంఎస్ బోర్డుతో కలిపి ష్రింక్ ట్యూబులో చుట్టేసి ఇచ్చే 7.4 వోల్టుల ప్యాక్. తేలిక, వేగం, పిల్లలు సెల్‌ను ముట్టుకునే పని లేదు, కోడ్ మార్చక్కర్లేదు. ధర కూడా ఇప్పటి దానికన్నా తక్కువే పడేది. దాదాపు ఖాయం చేసి వెనక్కి తగ్గాం. చవక బీఎంఎస్ బోర్డుల్లో చాలావాటికి రెండు సెల్స్‌నూ సమానంగా ఉంచే ఏర్పాటు ఉండదు, కొన్ని నెలలకు ఒకటి నిండుగా, ఇంకొకటి వట్టిగా తయారవుతాయి. దాని చార్జింగ్ సాకెట్‌లో వైఫై రూటరు 12 వోల్టుల అడాప్టరు పిన్ను చక్కగా పట్టేస్తుంది, ఆ ప్యాక్‌కు అన్ని వోల్టులు ఎక్కువ, ఆ అడాప్టరు లేని స్టాఫ్ రూము ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టేసిన ప్యాక్‌లో ఏ సెల్ ఉందో తూచి చూసే వీలే లేదు. విడి సెల్‌తోనే మోసపోయిన చోట, కనిపించని సెల్‌ను నమ్మి మీ పిల్లల చేతికి ఇవ్వలేం. దీని మీద మాతో వాదించిన క్లబ్బులున్నాయి. మా మాట మారదు.

కొత్త కిట్టు సంగతి. ఆరు సెల్స్ కలిపి 7.2 వోల్టులు, 2000 ఎంఏహెచ్. కిట్టు సగటున అర ఆంపియరు చుట్టూ తీసుకుంటుంది కాబట్టి మూడు గంటలకు పైనే వస్తుంది, నలభై నిమిషాల క్లబ్ పీరియడ్లు నాలుగు నడిచిపోతాయి. ఈ రకం సెల్స్ షార్ట్ అయితే వేడెక్కుతాయి, హోల్డరు ప్లాస్టిక్ కరగవచ్చు, చెయ్యి కాలవచ్చు. లిథియం సెల్‌లా మంట లేచే ప్రమాదం మాత్రం చాలా తక్కువ.

పాత ఎల్298ఎన్ డ్రైవరు దాదాపు రెండు వోల్టులు తనే మింగేస్తుంది, 7.2లో మోటారుకు 5 మిగులుతాయి. అందుకే టీబీ6612 అనే డ్రైవరు పెట్టాం. అది మింగేది అర వోల్టు లోపే. ఇప్పుడు మోటారుకు 6 వోల్టుల కన్నా ఎక్కువే అందుతుంది కాబట్టి కోడ్‌లో మోటారు వేగం నిర్ణయించే ఎనలాగ్‌రైట్ విలువ 220 దాటించకండి. నిమిషానికి 150 చుట్లు తిరిగే (150 ఆర్‌పీఎం) మోటారు, 65 మిల్లీమీటర్ల చక్రంతో సెకనుకు అర మీటరు వేగం వస్తుంది, పాత కిట్టుకు ఏమాత్రం తీసిపోదు. వేగం పోయిందని అంటున్నవాళ్లు ముందు ఒకసారి నడిపి చూడండి.

తేడా వచ్చేది బరువులో. ఆరు సెల్స్ 160 గ్రాములు దాటుతాయి, పాతవాటికన్నా 70 గ్రాములు ఎక్కువ. హోల్డరును వెనక చివర బిగిస్తే మలుపులో తోక విసిరి గీత దాటిపోతుంది. చక్రాల ఇరుసుకు సరిగ్గా పైన బిగించండి, ఛాసిస్‌కు అక్కడ కొత్తగా రెండు రంధ్రాలు వేసి ఇస్తున్నాం. గీత వెంట నిలకడగా నడపడానికి కోడ్‌లో పీఐడీ లెక్క వాడే పిల్లలు, అందులో ఊగుడును తగ్గించే డీ విలువను కాస్త పెంచుకోవాల్సి వస్తుంది.

వైరింగులో మూడు చోట్ల జాగ్రత్త. టీబీ6612కు ఎస్‌టీబీవై అనే పిన్ ఉంటుంది, దానికి 5 వోల్టులు ఇవ్వకపోతే మోటార్లు అస్సలు కదలవు. పాత బోర్డుకు అలవాటు పడ్డవాళ్లు ముందు మర్చిపోయేది ఇదే. రెండోది, ఈ బోర్డుకు ప్లస్ మైనస్ తారుమారైతే వెంటనే కాలిపోతుంది. అందుకే ఒకవైపే పట్టే జేఎస్‌టీ కనెక్టరు వేసి ఇస్తున్నాం, దాన్ని కత్తిరించి విడి వైర్లు కలపకండి. మూడోది, బ్యాటరీ ప్లస్‌ను ఆర్డుయినో గుండ్రటి సాకెట్‌కు కాక VIN అని రాసిన పిన్‌కే ఇవ్వండి. సాకెట్ దారిలో ఉన్న డయోడు అర వోల్టు పైనే తినేస్తుంది, ఈ ఆరు సెల్స్‌తో మనకు ఆ అర వోల్టు కావాలి. కరెంటు కుదుపులు తగ్గించడానికి మోటారు కాళ్ల మధ్య 104 అని రాసిన సెరామిక్ కెపాసిటరు, డ్రైవరు సప్లై మీద 470 మైక్రోఫారడ్‌ది మేమే వేసి పంపుతున్నాం.

మల్టీమీటరులో ఆరు సెల్స్ కలిపి 6.6 వోల్టులు చూపిస్తే ఆపి చార్జ్ చేయండి. ఆరు సెల్స్ మీదా మార్కరుతో ఒకే నంబరు వేసి ఎప్పుడూ కలిపే వాడండి. వేరే కిట్టు సెల్ ఒకటి కలిస్తే, బలహీనమైనది ముందే ఖాళీ అయ్యి, మిగతా అయిదు దాన్ని ఉల్టా చార్జ్ చేసి పాడుచేస్తాయి. సెల్స్ అయిపోయాయని కిరాణా కొట్లో ఆల్కలైన్ సెల్స్ కొని వేయకండి. ఆరూ కలిస్తే 9 వోల్టులు, మోటారు బ్రష్షులు త్వరగా అరుగుతాయి. వాటిని పొరపాటున ఈ చార్జరులో పెడితే కారిపోతాయి. చార్జరుకు ఎనిమిది గడులు, ఒక్కో గడి విడిగా పనిచేసి నిండగానే ఆపేస్తుంది. రాత్రి కాదు, పొద్దున ప్రార్థన అయ్యాక పెట్టి సాయంత్రం తీసేయండి. వేసవి సెలవులకు సెల్స్‌ను హోల్డరులోంచి తీసి డబ్బాలో పెట్టండి.

పాత కిట్టు ఉన్నవాళ్లకు: చెడ్డ లాటు సెల్స్ వెళ్లిన ప్రతి క్లబ్బుకూ ఆరు సెల్స్, హోల్డరు, డ్రైవరు బోర్డు, మార్చిన కోడ్ ఉచితంగా ఇస్తాం. చార్జరు మాత్రం కొనాలి, అంతవరకే మోయగలం. ఫిబ్రవరి 28 సైన్స్ డే ప్రదర్శనకు కిట్లు సిద్ధం చేసుకుంటున్నవాళ్లకు ముందు పంపుతాం. ఏ లాటుదో తెలియకపోతే వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక్క సెల్ తూచి గ్రాములు చెప్పండి చాలు, బిల్లు అడగం.

తొమ్మిది, పది తరగతుల వాళ్లు పోటీలకు లిథియం కావాలంటే విడిగా మాట్లాడదాం, ముందు మీ పోటీ నిబంధనల కాగితంలో వోల్టేజీ పరిమితి చూసుకోండి. ఎనిమిదో తరగతి దాకా ఎంత పెద్ద ఆర్డరైనా లిథియంతో కిట్టు ఇవ్వం. బయట కొని వేసుకుంటే మీ ఇష్టం, ఆ కిట్టుకు మా వారంటీ ఉండదు.

వెనక్కి తెచ్చే సెల్స్‌కు రెండు చివర్లా టేపు చుట్టి, ఒక్కోదాన్ని విడిగా కాగితంలో పెట్టి, చేతికే తెచ్చి ఇవ్వండి. విమానంలో వెళ్లే విడి లిథియం సెల్స్ 30 శాతం కన్నా ఎక్కువ చార్జ్‌తో ఉండకూడదన్న నిబంధన ఉంది, కొరియరు ఏ దారిన వెళ్తుందో మన చేతిలో ఉండదు, కాబట్టి కొరియరులో వేయకండి. ఉబ్బినా, ర్యాపర్ చిరిగినా, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా బడి సంచిలో అసలు పెట్టవద్దు. పొడి ఇసుక పోసిన డబ్బాలో ఉంచి ఫోను చేయండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.