జనం లెక్క మారితే డివిజన్ హద్దూ మారాలి

సంపాదకులకు నమస్కారం.

మాది భీమారం. మేము స్థలం కొన్ననాడు ఇంటి వెనక పత్తి చేను, ముందు మట్టి బాట ఉండేవి. ఇప్పుడు ఆ చేనులో వరసగా అపార్ట్‌మెంట్లు లేచాయి. ఉదయం ఎనిమిదింటికి స్కూటర్లు, బడి ఆటోలు మా సందు దాటడానికే పది నిమిషాలు పడుతుంది. ఆ కుటుంబాలేవీ 2011 జనగణన నాటికి ఇక్కడ లేవు. 2021లో వరంగల్ మహానగర పాలక సంస్థ డివిజన్లను, అంటే ఒక్కో కార్పొరేటర్‌ను ఎన్నుకునే వార్డులను, 58 నుంచి 66కు పెంచిన మాట నిజమే, అందుకు సంతోషమే. అప్పటికి ఉన్న జనగణన మాత్రం పదేళ్ల నాటిది.

పాలకవర్గ సమావేశంలో ప్రతి కార్పొరేటర్‌ది ఒకటే ఓటు. జనం రెట్టింపైన శివారు డివిజన్‌కూ, పెద్దగా పెరగని పాత బస్తీ డివిజన్‌కూ అదే ఒక్క ఓటు. అంటే శివారులో ఇల్లు కట్టుకున్నవాడి మాటకు విలువ సగమే. ఇది అన్యాయం. హద్దు గీసిన తీరూ అలాగే ఉంది. మా సందు చివర వీధి దీపం ఆరిపోయి నెల దాటింది. వెళ్లి అడిగితే ఆ స్తంభం పక్క డివిజన్‌ది అన్నారు. అక్కడికి వెళితే మీరు మా ఓటర్లు కారన్నారు. చీకట్లో పడుతున్నది మా పిల్లలు.

లోక్‌సభ స్థానాలను ప్రతి జనగణన తర్వాత సర్దాలని రాజ్యాంగం 82వ అధికరణలో చెప్పింది. 1976 నుంచి స్థానాల సంఖ్యను స్తంభింపజేయడం వేరే సంగతి. నగరపాలికలకు సంబంధించిన 9ఎ భాగంలో వార్డులుగా విభజించాలని ఉంది కానీ, జనగణన కాగానే తిరిగి గీయాలన్న ఆదేశం లేదు. ఆ పని రాష్ట్ర చట్టమే చేయాలి.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి కేంద్రం జనగణనకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ లెక్కలు వెలువడిన ఆరు నెలల్లోగా ప్రతి నగరపాలిక, పురపాలిక డివిజన్లను సరిచేసి తీరాలని శాసనసభ చట్టంలో రాయాలి. ఎవరు అధికారంలో ఉంటే వారికి అనువుగా గీస్తారన్న భయం నాకూ ఉంది. అందుకే ముసాయిదా పటాన్ని వీధుల పేర్లతో, ఒక్కో డివిజన్ జనాభాతో సహా ప్రతి వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. అభ్యంతరాలకు కనీసం నెల రోజులు ఇవ్వాలి. ఒక సందును నడిమికి చీల్చవలసి వస్తే, ఎందుకో ఆ పటం కిందే రాతపూర్వకంగా చెప్పాలి.

— ఒక పాఠకుడు, భీమారం, హనుమకొండ